కండె జరిగితే జన్యువు పలుకుతుంది

 

సూరత్‌లో సాంచాల మీద పనిచేసే మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఒక మాట తరచుగా వినిపిస్తుంది. "అది వంశంలోనే ఉంది, మనం చేసేదేముంది" అంటారు. బిడ్డకు పెద్ద జబ్బు వస్తే చాలు, తాతలనూ ముత్తాతలనూ తలుచుకుంటారు. వంశం నుంచి వచ్చేవి ఉన్నాయి, కాదనను. వాటినే జన్యువులు అంటాం. కానీ జన్యువు ఒంట్లో ఉండటం వేరు. అది పలకడం, అంటే పని చేయడం, వేరు. ఉన్న జన్యువు ఎప్పుడు పలుకుతుంది? ఎప్పుడు మూగగా ఉండిపోతుంది? ఈ పూట దాని గురించే మాట్లాడుకుందాం. దక్షిణ గుజరాత్‌లో ఎన్నో ఇళ్ళను బాధపెడుతున్న సికిల్ సెల్ జబ్బుకూ దీనికీ దగ్గర సంబంధం ఉంది. చివర్లో అక్కడికే వస్తాను.

మన ఒళ్ళు లక్షల కోట్ల కణాలతో తయారైంది. దాదాపు ప్రతి కణంలోనూ డీఎన్ఏ అనే సన్నటి పోగు ఉంటుంది, ఆ పోగు మీది భాగాలే జన్యువులు. కంటిలో ఉన్నదీ అదే పోగు. కాలేయంలో ఉన్నదీ అదే పోగు. మరి కన్ను కన్నుగానూ, కాలేయం కాలేయంగానూ ఎందుకున్నాయి? పోగు ఒకటే అయినా కంట్లో కొన్ని జన్యువులు పలుకుతాయి, కాలేయంలో వేరే జన్యువులు పలుకుతాయి. అందుకని.

ఒక్క కణంలో ఉన్న డీఎన్ఏనంతా సాగదీసి, కొసకు కొస కలిపితే సుమారు 2 మీటర్లు వస్తుంది. మనిషి నిలువు కంటే ఎక్కువ. అదంతా ఇమడాల్సిన చోటు కణం మధ్యనుండే కేంద్రకం. మిల్లీమీటరును 150 ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత ఉంటుంది దాని వెడల్పు. సాంచాల పని తెలిసినవాళ్ళకు ఈ లెక్క వినగానే ఒకటే సందేహం రావాలి. ఇంత నూలు ఇంత చిన్న చోట చిక్కుపడకుండా ఎట్లా ఉంది?

మన పనిలో అయితే ఏం చేస్తాం? కండెకు చుడతాం. సిరిసిల్లలో ఇంటి ముందు కూర్చుని అక్కలు కండెలు చుట్టడం మీలో చాలామంది చూసే ఉంటారు. చుట్టినవాళ్ళూ వింటూ ఉంటారు. కణం కూడా అదే పని చేస్తుంది. దాని కండె హిస్టోన్ అనే ప్రోటీన్లతో తయారవుతుంది. నాలుగు రకాల హిస్టోన్లు, ఒక్కో రకం రెండేసి చొప్పున, మొత్తం 8 కలిస్తే ఒక కండె. నూలు చుట్టుకున్న కండెను న్యూక్లియోసోమ్ అంటారు.

మన నాడెలో పెట్టే కండెకు చుట్లు లెక్కలేనన్ని. ఈ కండెకు రెండు చుట్లు కూడా నిండవు. ఒకటిన్నరకు కాస్త ఎక్కువ, అంతే. డీఎన్ఏ మీద రసాయన అక్షరాలు వరసగా ఉంటాయి, ఒక్కో కండెకు సుమారు 147 అక్షరాల పొడవు చుట్టుకుంటుంది. ఆ తర్వాత పోగు తెగకుండా కొంచెం దూరం ఖాళీగా సాగి, ఇంకో కండెకు చుట్టుకుంటుంది. మళ్ళీ కొంచెం ఖాళీ. మళ్ళీ కండె. ఇట్లా ఒక్క కణంలో దాదాపు 3 కోట్ల కండెలు.

హిస్టోన్లను మొదట పట్టుకున్నది జర్మనీకి చెందిన ఆల్బ్రెక్ట్ కోసెల్. 1884లో బాతు జాతికి చెందిన గూస్ పక్షి రక్తకణాల నుంచి తీశారు. ఆ తర్వాత చాలా కాలం శాస్త్రవేత్తలు వీటిని పెద్దగా పట్టించుకోలేదు. నూలు చుట్టిపెట్టుకోవడానికే గదా అనుకున్నారు. 1974లో రోజర్ కోర్న్‌బర్గ్ ఈ కండె నిర్మాణం ఎట్లా ఉంటుందో చెప్పారు. 1980ల చివర్లో అసలు సంగతి బయటపడింది. అమెరికాలో మైకేల్ గ్రున్‌స్టీన్ బృందం ఈస్ట్ కణాల్లో కండెల సంఖ్య తగ్గించి చూసింది. ఈస్ట్ అంటే రొట్టె పొంగడానికి వేసే సూక్ష్మజీవి. కండెలు తగ్గగానే, అంతవరకూ మూగగా ఉన్న కొన్ని జన్యువులు పలకడం మొదలుపెట్టాయి. అంటే కండెలు ఊరికే నూలును మోయడం లేదన్నమాట. జన్యువు నోరు మూయించేది కూడా అవే.

ఎట్లాగో చెప్తాను. జన్యువు పలకాలంటే, దాన్ని చదివే ప్రోటీన్లు వచ్చి ఆ జన్యువు మొదట్లో కూర్చోవాలి. ఆ మొదలు సరిగ్గా కండె మీదికి చుట్టుకుని ఉంటే, చదివేవాళ్ళకు చోటు దొరకదు. జన్యువు మూగబోతుంది. అదే మొదలు రెండు కండెల మధ్య ఖాళీ పోగు మీద ఉంటే, వాళ్ళు వచ్చి కూర్చుంటారు. జన్యువు పలుకుతుంది. పోగు మారలేదు. ఒక్క అక్షరం కూడా మారలేదు. కండె కాస్త ఇటు ఉందా, అటు ఉందా అన్నదే తేడా.

ఈ కండెలు ఒకచోట పాతుకుపోయి ఉండవు. వాటిని పోగు వెంట జరిపే యంత్రాల్లాంటి ప్రోటీన్లు కణంలో ఉన్నాయి. తిన్న తిండి నుంచి వచ్చిన శక్తిని ఖర్చుపెట్టి అవి కండెను జరుపుతాయి, ఒక్కోసారి పూర్తిగా ఊడదీస్తాయి. మనుషుల్లో ఇట్లాంటి ఒక ముఖ్యమైన బృందంలో తప్పులు వస్తే క్యాన్సర్‌కు దారితీస్తుందని తేలింది. ప్రతి 100 క్యాన్సర్లలో సుమారు 20 చొప్పున, ఆ బృందపు జన్యువుల్లో మార్పులు కనిపించాయి. కండె సరైన చోట ఉండటం అంత ముఖ్యం.

ఇంకో సంగతి ఉంది. కండెలన్నీ ఒకే రకం కావు. మామూలు హిస్టోన్ బదులు కొన్ని కండెల్లో దాని దాయాది హిస్టోన్ ఉంటుంది. చూడ్డానికి దాదాపు అదే. పని వేరు. హెచ్3.3 అని ఒకటుంది. మామూలు హెచ్3.1 కంటే కేవలం 5 చోట్ల తేడా. మామూలువి కణం రెండుగా చీలబోయేటప్పుడే తయారవుతాయి. ఇదేమో ఎప్పుడంటే అప్పుడు తయారవుతుంది. మెదడులోని నాడీకణాలు పెద్దయ్యాక చీలవు కదా, అందుకే వయసు పెరిగేకొద్దీ వాటిలో ఈ రకం పోగవుతూ వస్తుంది. ఈ ఒక్క హిస్టోన్‌లో ఒక్క చోట తప్పు వస్తే చిన్నపిల్లల మెదడులో చాలా క్రూరమైన కణితి పుడుతుందని 2012లో తెలిసింది. హెచ్2ఎ.జెడ్ అని ఇంకొకటుంది. ఇది ఎక్కువగా జన్యువు మొదట్లో, ఆ ఖాళీ చోటు అంచున ఉండే కండెల్లో కనిపిస్తుంది.

కాబట్టి రెండు ప్రశ్నలు. కండె ఎక్కడ ఉంది? అది ఏ రకం కండె? ఈ రెండూ గుర్తుంటే చాలు, మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

ఈ రెండు ప్రశ్నల మీద మన హైదరాబాద్‌లోనే ఏళ్ళ తరబడి పని జరిగింది. హబ్సిగూడలో ఉప్పల్ రోడ్డు మీద సీసీఎంబీ అని పెద్ద పరిశోధనా సంస్థ ఉంది. పుష్పమిత్ర భార్గవ సారథ్యంలో 1977లో మొదలైంది. అక్కడ పూర్ణిమా భార్గవ అనే శాస్త్రవేత్త, ఆమె విద్యార్థులు ఈస్ట్ కణాల్లో కండెల చోటు వెతికారు.

కంటికి కనిపించని కండె ఎక్కడుందో ఎట్లా తెలుస్తుంది? ఆ పద్ధతి వినండి. ఒక రకం బ్యాక్టీరియా నుంచి తీసిన ఎంజైమ్ ఒకటి ఉంది. దాన్ని వేస్తే పోగును కత్తిరిస్తుంది. అయితే కండెకు చుట్టుకున్న చోట దానికి పోగు అందదు. రెండు కండెల మధ్య ఖాళీగా ఉన్న పోగునే కత్తిరిస్తుంది. చివరికి కండెలకు చుట్టుకున్న ముక్కలు మిగులుతాయి. ఆ ముక్కల మీది అక్షరాలు చదివితే, కండె ఏ అక్షరం దగ్గర మొదలై ఏ అక్షరం దగ్గర ఆగిందో తేలిపోతుంది. ఎంత చక్కటి ఉపాయం చూడండి.

పూర్ణిమా బృందం ఎంచుకున్న జన్యువుల్లో సప్4 అనేది ఒకటి. చాలా చిన్నది. ఒక కండెకు పట్టే పోగు కంటే కూడా పొట్టిది. అంటే పక్కనున్న కండె కొంచెం జరిగిందంటే జన్యువు మొత్తం మునిగిపోతుంది. కానీ అది మునగదు. దానికి రెండు పక్కలా రెండు కండెలు, రెండిట్లోనూ హెచ్2ఎ.జెడ్. మధ్యలో జన్యువు ఖాళీ పోగు మీద ఉంటుంది. కణానికి తిండి తగ్గి కష్టకాలం వచ్చినప్పుడు, ఆ ఒత్తిడిని పసిగట్టేది ఈ ప్రత్యేక హిస్టోనే కావచ్చని వాళ్ళు 2011లో రాశారు. రెండు కండెల పనీ ఒకటి కాదు. జన్యువు చివర ఉన్న కండె దాని జోరును కొంచెం తగ్గించి ఉంచుతుంది. ఆ ఏర్పాటంతా కలిసి, మూగబోయిన జన్యువు తిరిగి త్వరగా పలకడానికి వీలు కల్పిస్తుంది.

అంతకు ముందు వాళ్ళే ఇంకో జన్యువు మీద పనిచేశారు. దాని పేరు ఎస్ఎన్ఆర్6. అక్కడ ఒక చదివే ప్రోటీన్ రెండు చోట్ల పట్టుకోవాలి. ఆ రెండు చోట్లకూ మధ్య దాదాపు 200 అక్షరాల దూరం. మధ్యలో ఒక కండె కూర్చుని ఉంటుంది. పోగు కండెకు చుట్టుకోవడంతో ఆ రెండు చోట్లూ దగ్గరకు వస్తాయి. అంటే ఇక్కడ కండె అడ్డు కాదు, సాయం. ఇంకో విశేషం, ఈ జన్యువుకు హెచ్2ఎ.జెడ్ ఉన్నా లేకపోయినా తేడా లేదని 2008లో వాళ్ళే తేల్చారు. ఒక జన్యువు దగ్గర పనికొచ్చిన హిస్టోన్ ఇంకో జన్యువు దగ్గర పనికిరాలేదు. సైన్సులో నాకు బాగా నచ్చేది ఇట్లాంటి నిజాయితీ. అన్నిటికీ ఒకే సూత్రమని చెప్పేస్తే వినడానికి బాగుంటుంది గానీ, కణం అట్లా నడవదు.

ఇదే హెచ్2ఎ.జెడ్ మొక్కల్లో ఏం చేస్తుందో ఒక్క మాటలో చెప్తాను. ఆవాల జాతికి చెందిన ఒక చిన్న మొక్క మీద వినోద్ కుమార్, ఫిలిప్ విగ్ అనే ఇద్దరు ఇంగ్లండులో పనిచేసి 2010లో ఒక సంగతి కనిపెట్టారు. వేడి పెరిగితే ఆ మొక్కలో హెచ్2ఎ.జెడ్ ఉన్న కండెలు సడలుతాయి. కొన్ని జన్యువులు పలుకుతాయి. మొక్కకు ఎండ సెగ తెలిసే దారుల్లో ఇదొకటి.

ఇక మొదట్లో చెప్పిన సికిల్ సెల్ దగ్గరకు వద్దాం. సూరత్‌కు తూర్పున, దక్షిణాన ఉన్న ఆదివాసీ ప్రాంతాల్లో, గామిత్, చౌధరి, వసావా కుటుంబాల్లో ఈ జబ్బు ఎక్కువ. మన వైపు ఆదిలాబాద్ గోండుల్లో ఉంది, భద్రాచలం వైపు కోయల్లో ఉంది. పశ్చిమ ఒడిశాలో బాగా ఉంది. ఆదివాసీలకే వస్తుందనుకోకండి. మిగతా కులాల్లో కూడా ఉంది.

రక్తంలో ప్రాణవాయువును మోసేది హిమోగ్లోబిన్. దాన్ని తయారుచేసే బీటా అనే జన్యువులో ఒక్క అక్షరం తప్పుపడి, ఆ తప్పు తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తే సికిల్ సెల్ వస్తుంది. గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణాలు కొడవలిలా వంగిపోతాయి. సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. పిల్లలు ఎముకలు పట్టుకుని ఏడుస్తారు. మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే, ఇవి 10 నుంచి 20 రోజుల్లోనే రాలిపోతాయి. అందుకే రక్తం ఎప్పుడూ తక్కువగా ఉంటుంది.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. ఈ జబ్బుతో పుట్టిన బిడ్డ మొదటి కొన్ని నెలలు ఆరోగ్యంగానే ఉంటుంది. ఎందుకు? 1948లో అమెరికాలో జానెట్ వాట్సన్ అనే పిల్లల డాక్టరమ్మ దీన్ని గమనించారు. కడుపులో ఉన్న బిడ్డకు వేరే హిమోగ్లోబిన్ ఉంటుంది. దాన్ని చేసేది గామా అనే జన్యువు. అందులో ఏ తప్పూ లేదు. పుట్టాక నెలలు గడిచేకొద్దీ గామా మూగబోతుంది, బీటా గొంతు విప్పుతుంది. తప్పు ఉన్నది బీటాలో కాబట్టి, అప్పుడు జబ్బు బయటపడుతుంది.

మరి గామా జన్యువు ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. 80 ఏళ్ళ ముసలివాళ్ళ కణాల్లోనూ చెక్కుచెదరకుండా ఉంటుంది. మూగబోయింది, అంతే. దాన్ని మూగబుచ్చేది బీసీఎల్11ఎ అనే ప్రోటీన్. 2008లో విజయ్ శంకరన్, స్టూవర్ట్ ఓర్కిన్ బృందం హార్వర్డ్‌లో దీని పాత్రను బయటపెట్టింది. అది గామా జన్యువు మొదటికి కొంచెం ముందు, 115 అక్షరాల దూరంలో పట్టుకుంటుంది. కండెలను జరిపే, బిగించే యంత్రాంగాన్ని తన వెంట తెచ్చుకుంటుంది. ఆ చోటు మూసుకుపోతుంది. చదివేవాళ్ళకు దారి ఉండదు.

అయితే ఆ ప్రోటీన్‌ను తగ్గిస్తే? 2023లో బ్రిటన్, అమెరికా ఆమోదించిన క్యాస్‌జెవీ అనే చికిత్స ఆ పనే చేస్తుంది. రోగి ఎముక మజ్జ మూలకణాలను బయటికి తీసి, రక్తం తయారయ్యేచోట బీసీఎల్11ఎ తగ్గేటట్టు చిన్న కోత పెట్టి, మళ్ళీ ఒంట్లోకి ఎక్కిస్తారు. గామా మళ్ళీ పలుకుతుంది. నొప్పుల దాడులు చాలామందికి ఆగిపోయాయి. బీటాలో తప్పు అక్షరం మాత్రం అక్కడే ఉంది, దాన్నెవరూ దిద్దలేదు. వంశం నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంది, మనిషి మాత్రం కోలుకున్నాడు.

అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. మనలాంటివాళ్ళకు అందేది కాదు, ఆ ఆశ పెట్టి మిమ్మల్ని మభ్యపెట్టను. కానీ అందుబాటులో ఉన్న మందు ఒకటి ఉంది. హైడ్రాక్సీయూరియా. రోజూ వేసుకునేది. పాత మందే, అమెరికాలో 1998లోనే సికిల్ సెల్‌కు ఆమోదం వచ్చింది. దీనితో కూడా గామా హిమోగ్లోబిన్ పెరుగుతుంది. నొప్పుల దాడులు తగ్గుతాయి. డాక్టరు చెప్పిన మోతాదులోనే వాడాలి. మధ్యమధ్యలో రక్తపరీక్ష చేయించుకోవాలి. బిడ్డ కావాలనుకుంటున్న దంపతులు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి.

మన దేశంలో చాలామంది సికిల్ సెల్ రోగుల్లో గామా హిమోగ్లోబిన్ కొంచెం ఎక్కువగానే ఉంటుంది. గామా జన్యువు మొదటికి 158 అక్షరాల ముందు, మనవాళ్ళలో తరచుగా కనిపించే చిన్న అక్షరమార్పుకు దీనితో సంబంధం ఉంది. దానివల్ల కొందరికి జబ్బు తేలిగ్గా ఉంటుంది. అందరికీ కాదు. నాగ్‌పూర్ వైపు తీవ్రంగా బాధపడే పిల్లలు ఎందరో ఉన్నారు. అందుకని "మనవాళ్ళకు ఏం కాదులే" అని పరీక్ష మానుకోవద్దు.

జబ్బు లేకుండా తప్పు అక్షరాన్ని మోసేవాళ్ళు ఉంటారు. వాళ్ళకు మామూలుగా ఏ బాధా తెలియదు. అట్లాంటి ఇద్దరికి పెళ్ళయితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ప్రతి కాన్పులోనూ అంటున్నాను, గమనించండి. ఒక బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదని లెక్క వేసుకోకూడదు. ఆ లెక్క తప్పు.

కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. ఆదివాసీ ప్రాంతాల్లో 40 ఏళ్ళ లోపు 7 కోట్ల మందికి పరీక్ష చేయాలన్నది లక్ష్యం. పరీక్షకు కొంచెం రక్తం చాలు.

అన్నలూ, అక్కలూ, ఇంట్లో పిల్లాడు ఒళ్ళు నొప్పులని పదేపదే ఏడుస్తుంటే, కళ్ళు పచ్చబడుతుంటే, ఎన్ని టానిక్కులు తాగించినా రక్తం పెరగకపోతే, సికిల్ సెల్ పరీక్ష చేయమని దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. పెళ్ళి కుదుర్చుకునే ముందు జాతకాలతో పాటు ఈ ఒక్క రక్తపరీక్ష కూడా చూసుకోండి. సాంచాల దగ్గర మీ పక్కన పనిచేసే ఒడియా తమ్ముడికీ, పక్కింటి గామిత్ అక్కకూ ఈ మాట చెప్పండి. జబ్బు తేలిన బిడ్డ ఉన్న ఇంట్లో తల్లిని గానీ, ఆమె పుట్టింటివాళ్ళను గానీ నిందించకండి. బీటా జన్యువులో తప్పు ఇద్దరి వైపు నుంచీ వస్తేనే జబ్బు వస్తుంది. బిడ్డకు మందు మాత్రం ఒక్క రోజు కూడా తప్పనివ్వకండి.